బ్యాంకులకు పగ్గాలు వదిలాక ఏమైంది? తాతగారి పాత పత్రికలను వెబ్‌లో ఎలా పెట్టాలి?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. మద్రాసులో బ్యాంకు ఉద్యోగం చేసిన మీ తాతగారు 1966 నుంచి 1997 దాకా ఒక ఆర్థిక మాసపత్రిక తెప్పించుకుని, ఏ ఏడుకా ఏడు బౌండు చేయించారు. ఆ 32 సంపుటాలు ఇప్పుడు బెంగళూరులో మీ ఇంట్లో ఉన్నాయి. వాటిని పీడీఎఫ్‌లు చేసి పెడితే సరిపోతుందా, కొత్త వెబ్ పద్ధతులేమైనా ఉన్నాయా అనేది ఒకటి. 1969 సంచికల్లో బ్యాంకుల్ని ప్రభుత్వం పట్టుకుని తీరాలని రాసిన పత్రికే 1992లో వదిలి తీరాలని రాసింది కదా, వదిలాక జరిగింది మంచా చెడా అనేది రెండోది.

నేను చెన్నైలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. గత ఆరేళ్లుగా కోడంబాకంలో మా ఇంటి ముందుగదిలో పాత తెలుగు పత్రికలు స్కాన్ చేస్తున్నాను. ఇద్దరు మనుషులు చెప్పాల్సిన జవాబు ఒక్కణ్ణే చెప్తాను. బ్యాంకుల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఆ పత్రికలో దేన్ని వెతకడానికి జనం వస్తారో తెలిస్తేనే దాన్ని ఎలా పెట్టాలో తేలుతుంది.

అసలు 1991కి ముందు పరిస్థితి ఎలా ఉండేదో మీ వయసువాళ్లకి ఊహకు అందదు. మీరు మా కౌంటర్లో 100 రూపాయలు వేస్తే 15 రూపాయలు సీఆర్‌ఆర్ అనే తప్పనిసరి నగదు నిల్వ కింద రిజర్వు బ్యాంకుకి, 38.50 ఎస్‌ఎల్‌ఆర్ అనే తప్పనిసరి పెట్టుబడి కింద ముఖ్యంగా ప్రభుత్వ బాండ్లలోకి పోయేవి. మిగిలిన 46.50తో అప్పులివ్వాలి. ఇచ్చే అప్పుల్లో 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమల్లాంటి ప్రాధాన్య రంగాలకే. డిపాజిట్‌కి ఎంత వడ్డీ ఇవ్వాలో, ఏ అప్పుకి ఎంత తీసుకోవాలో సర్క్యులర్లో వచ్చేది. పట్నంలో ఒక శాఖ తెరవాలంటే బ్యాంకు మొహం చూడని ఊళ్లలో నాలుగు తెరవాలి; ఆ రూలు 1977 నుంచి 1990 దాకా నడిచింది. మేనేజరంటే పెద్ద గుమాస్తా, అంతే. ఎవరికి అప్పివ్వాలన్న తెలివి అతనికి పెద్దగా అవసరం లేదు, ఫారాలు సరిగ్గా నింపే ఓపిక చాలు.

దాన్ని వెక్కిరించడం తేలిక. కానీ 1969 జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు పల్లెల్లో ఉన్న శాఖలు మొత్తంలో నాలుగోవంతు కూడా లేవు, 1990 నాటికి సగం దాటాయి. ఆ లెక్కని మార్కెట్టు తనంతట తాను ఇచ్చేది కాదు. మీ పత్రిక 1969లో రాసింది తప్పని నేననను.

1991 ఆగస్టులో బ్యాంకుల్ని ఎలా సంస్కరించాలో చెప్పమని రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు మైదవోలు నరసింహం అధ్యక్షతన కమిటీ వేశారు. నవంబరులోనే రిపోర్టు ఇచ్చేశారు. ఆ తర్వాత జరిగిన మార్పులన్నిటినీ జనం కట్టగట్టి 'సరళీకరణ' అంటారు. అక్కడే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అందులో వదిలినవీ ఉన్నాయి, బిగించినవీ ఉన్నాయి. వదిలినవి అందరికీ తెలుసు: 1994 అక్టోబరులో 2 లక్షలు దాటిన అప్పుల మీద వడ్డీ, 1997 అక్టోబరుకల్లా టర్మ్ డిపాజిట్ల వడ్డీ, అదే ఏడు ఎస్‌ఎల్‌ఆర్ 25 శాతానికి దిగడం, ప్రైవేటువాళ్లకి కొత్త లైసెన్సులు. బిగించింది మాత్రం లెడ్జరు రాసేవాళ్లకే తెలుసు.

తండయార్‌పేట దగ్గర ఒక శాఖలో నేను పనిచేస్తున్నప్పటి మాట. ఒక నూనె మిల్లుకి 10 లక్షల అప్పు ఉండేది. మిల్లు మూతపడి రెండేళ్లయింది. గేటుకి తాళం, లోపల గడ్డి. అయినా మూడు నెలలకోసారి 16 శాతం చొప్పున 40,000 వడ్డీ ఆ ఖాతాలో ఖర్చు రాసి, అదే 40,000 మా శాఖ ఆదాయంలో జమ రాసేవాళ్లం. రూపాయి చేతికి రాలేదు, పుస్తకంలో మాత్రం లాభం. ఏడాదికి లక్షా అరవై వేలు! మా మేనేజరుకి ఆ ఏడు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఇది మోసం కాదు బాబూ, అప్పటి పద్ధతే అది.

1992-93 లెక్కల నుంచి రూలు మారింది. వడ్డీ చేతికి రాకపోతే అది ఆదాయం కాదు, అప్పు మొండిబాకీ. మొదట నాలుగు త్రైమాసికాల గడువు, తర్వాత మూడు, 1995కి రెండు, 2004 మార్చి నుంచి 90 రోజులు. ఒక్క సంతకంతో మా శాఖ లాభం ఆవిరైంది. ఇదే ఊళ్లో హెడ్డాఫీసు ఉన్న ఇండియన్ బ్యాంకు 1995-96లో 1,336 కోట్ల నష్టం చూపించింది. ఆ రోజు పేపరు చూసి 'సంస్కరణలు వచ్చి బ్యాంకుల్ని ముంచాయి' అన్నవాళ్లు మా యూనియన్లోనే బోలెడంతమంది. నేనూ అన్నాను. ఇప్పుడు అనను. అప్పులు ఇచ్చినప్పుడే డబ్బు పోయింది, కొత్త రూలు దాన్ని బయటపెట్టింది.

ఇది ఎందుకింత సాగదీస్తున్నానంటే, ఇదే పనిని అమెరికా తిరగేసి చేసింది. అక్కడ ఇళ్ల అప్పులిచ్చే పొదుపు సంస్థలు వేలల్లో ఉండేవి. 1980లో ఒక చట్టం, 1982లో ఇంకో చట్టం తెచ్చి వాటికి వడ్డీ పరిమితులు ఎత్తేశారు, వ్యాపార అప్పులు ఇచ్చుకోనిచ్చారు. అక్కడితో ఆగకుండా డిపాజిట్ బీమాని 40,000 డాలర్ల నుంచి లక్షకి పెంచారు, సొంత మూలధనం ఎంతుండాలన్న షరతుని 5 శాతం నుంచి 3కి దించారు, లెక్కల పద్ధతులు వదులు చేశారు. అంటే జూదం ఆడే స్వేచ్ఛ ఇచ్చి, ఓడితే సర్కారు కడుతుందని హామీ ఇచ్చి, పేకలు లెక్కపెట్టేవాణ్ణి ఇంటికి పంపారన్నమాట. 1986 నుంచి 1995 మధ్య 3,234 సంస్థల్లో 1,043 మూతపడ్డాయి. పన్ను కట్టేవాళ్ల మీద పడిన భారం దాదాపు 124 బిలియన్ డాలర్లు.

కాబట్టి 'వదలడం మంచా చెడా' అని నన్ను అడిగితే, వడ్డీ రేటుని వదిలినప్పుడు తనిఖీని బిగించారా వదిలారా అని నేను ఎదురడుగుతాను. మనవాళ్లు 1990ల్లో బిగించారు. తర్వాత అన్నిచోట్లా అంత శ్రద్ధ నిలవలేదు.

మీ స్నేహితుడెవరో 1999లో గ్లాస్-స్టీగల్ చట్టం రద్దు చెయ్యడం వల్లే 2008 వచ్చిందన్నాడని రాశారు. 1933 నాటి ఆ చట్టం డిపాజిట్లు తీసుకునే బ్యాంకుని, షేర్లు బాండ్ల వ్యాపారం చేసే సంస్థనీ వేరు చేసింది. 1999 నవంబరులో ఆ గోడలో పెద్దభాగం పడగొట్టారు, నిజమే. కానీ 2008 సెప్టెంబరు 15న కూలిన లేమన్ బ్రదర్స్ ఆ గోడ ఉన్నా కూలేదే, అది మామూలు డిపాజిట్ బ్యాంకు కాదు. దానికన్నా 2000లో డెరివేటివ్‌లను (షేర్లు, అప్పుల్లాంటి వేరేవాటి విలువని బట్టి నడిచే ఒప్పందాలను) చాలావరకు తనిఖీ పరిధిలోంచి తప్పించిన చట్టం ఎక్కువ చెరుపు చేసిందని నా అభిప్రాయం. ఇంతకన్నా ఇక్కడ లోతుకి వెళ్లను.

మన దగ్గర కొత్త లైసెన్సుల పంటలో మేలు గింజలూ ఉన్నాయి, తాలూ ఉంది. ఇప్పుడు దేశంలో పెద్ద ప్రైవేటు బ్యాంకులుగా మీకు తెలిసినవాటిలో మూడు ఆ 1994 ప్రాంతపు లైసెన్సులతోనే మొదలయ్యాయి. అదే ఏడు సికింద్రాబాదులో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మనవాళ్లందరికీ గర్వకారణంగా ఉండేది. షేర్ మార్కెట్ బ్రోకర్లకి ఇచ్చిన అప్పులు 2001లో మెడకి చుట్టుకున్నాయి. 2004 జూలై 24న మారటోరియం, అంటే చెల్లింపుల మీద తాత్కాలిక నిలుపుదల; ఖాతాకి 10,000 మించి తియ్యకూడదు. ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్లు దక్కాయి, షేర్లు కొన్నవాళ్లకి చిల్లిగవ్వ రాలేదు.

మరి పాత బ్యాంకుల మాటో? 1926లో కరూరులో వ్యాపారులు కలిసి పెట్టుకున్న లక్ష్మీవిలాస్ బ్యాంకు చిన్న వర్తకుల మధ్యే తొంభై ఏళ్లు నెట్టుకొచ్చింది. తర్వాత పెద్ద కంపెనీల అప్పుల వైపు తిరిగింది. 2020 నవంబరు 17న 25,000 పరిమితితో మారటోరియం, పది రోజులకే సింగపూరువాళ్ల డీబీఎస్ ఇండియాలో విలీనం. మళ్లీ అదే వరస: డిపాజిట్లు భద్రం, షేర్ల విలువ సున్న, 318 కోట్ల బాండ్లు రద్దు. అదే ఏడు మార్చిలో యెస్ బ్యాంకుని నిలబెట్టినప్పుడు 8,415 కోట్ల బాండ్లు రద్దు చేశారు. ఆ గొడవ కోర్టుకెక్కింది. 'ఎఫ్‌డీ లాంటిదే, వడ్డీ ఎక్కువ' అని చెబితే నమ్మి అవి కొన్న పెద్దవాళ్లూ అందులో ఉన్నారు.

నిజానికి మద్రాసుకి ఇదేమీ కొత్త కాదు. 1906 అక్టోబరు 22న బీచిలో బ్యాంకు వ్యాపారం చేసే అర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసినప్పుడు ఈ రాజధానిలో ఎందరి జీవితకాలపు పొదుపో మునిగింది. ఆ కడుపుమంటలోంచే మరుసటేడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. అప్పట్లో డిపాజిట్‌కి బీమా లేదు, దాన్ని చూసే రిజర్వు బ్యాంకే లేదు. బీమా 1962లో 1,500 రూపాయలతో మొదలై, 1993లో లక్ష, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు అయింది. అసలూ వడ్డీ కలిపి ఒక బ్యాంకులో ఒక మనిషికి అంతే. మా వీధిలో ఒకావిడ భర్త పోయాక వచ్చిన డబ్బంతా ఒకటిన్నర శాతం ఎక్కువిస్తారని ఒకే చిన్న సహకార బ్యాంకులో వేసింది. ఆంక్షలు పడ్డాక మూడేళ్లు పాస్‌బుక్కు పట్టుకుని తిరిగింది. ఆ ఒకటిన్నర శాతం ఎందుకు ఎక్కువిస్తున్నారని అడగాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అదే బాధ.

చప్పుడు చెయ్యని ఫలితాలు ఇంకా పెద్దవి. అప్పు వడ్డీ మార్కెట్టుకి వదిలాక, రేటు పెరిగినప్పుడు మీ ఇంటి అప్పు మీద వెంటనే పెరిగేది. తగ్గినప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకి తగ్గించి, పాతవాళ్లని పాత రేటు దగ్గరే ఉంచేవాళ్లం. అడిగినవాడికి తగ్గించాం, అడగనివాడి దగ్గర తీసుకున్నాం. దాన్ని సరిచెయ్యడానికే అప్పు వడ్డీకి ప్రాతిపదికగా బ్యాంకే లెక్కగట్టే రేట్లు 2003లో బీపీఎల్‌ఆర్, 2010లో బేస్ రేటు, 2016లో ఎంసీఎల్‌ఆర్ అని వచ్చాయి, చివరికి 2019 అక్టోబరు నుంచి రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు) లాంటి బయటి కొలమానం తెచ్చారు. పదహారేళ్లలో నాలుగు పద్ధతులు! సేవింగ్స్ ఖాతా వడ్డీని 2011 అక్టోబరు 25న వదిలితే కొన్ని కొత్త బ్యాంకులు 6 శాతం దాకా ఇచ్చాయి, పెద్దవి 4 దగ్గర కదలకుండా కూర్చుని 2017లో ఇంకా దిగాయి. పోటీ వస్తే వడ్డీ పెరుగుతుందని రాసిన వ్యాసాలు మీ సంపుటాల్లో తప్పకుండా ఉంటాయి, చదివి నవ్వుకోండి.

పల్లెల సంగతి నవ్వుకునేది కాదు. ఒకటికి నాలుగు రూలు పోయాక కొత్త శాఖలు పట్నాలు పట్టాయి. ఉన్న పల్లె శాఖల్లో కూడా చిన్న అప్పు ఖరీదైన తలనొప్పి అయింది. ఆ ఖాళీలోకి మైక్రోఫైనాన్సు వచ్చింది. వారం వారం వసూళ్లు, ఒకే ఇంటికి నాలుగు సంస్థల అప్పులు, చివరికి 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. బ్యాంకు కూలితే పేపర్లో వస్తుంది. రాయలసీమలో ఒక ఊళ్లో తెరవని శాఖ ఏ పేపర్లోనూ రాదు.

ఇక మీ సంపుటాలు. వాటి విలువ సంపాదకీయాల్లో కన్నా వెనక పేజీల్లో ఎక్కువ ఉంటుంది: వడ్డీల పట్టికలు, డిపాజిట్ ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు. ఆ ప్రకటనలు ఇచ్చిన బ్యాంకుల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టినా ఒక చరిత్రే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన ఆంధ్రాబ్యాంకు పేరు కూడా 2020 ఏప్రిల్ 1తో పోయింది కదా. అందుకని బొమ్మలుగా పెడితే చాలదు, మాట వెతికితే పేజీ దొరకాలి.

బౌండు విప్పకండి. పుస్తకాన్ని 90 నుంచి 110 డిగ్రీలు మాత్రమే తెరిచి, చెక్కతో ఊయల లాంటి ఆధారం చేసి, పైనుంచి కెమెరాతో తియ్యండి. 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు) అయితే ఏ4 పేజీ రమారమి 3,300 బై 4,680 పిక్సెళ్లు, కుదించని టిఫ్ ఫైలు 46 ఎంబీ. సంచికకి 64 పేజీలనుకున్నా మీ 384 సంచికలకి 24,500 పైచిలుకు పేజీలు, అంటే 1.1 టెరాబైట్లు. అది అసలు ప్రతి. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఇళ్లలో ఉంచండి.

వెబ్ కోసం ట్రిపుల్-ఐ-ఎఫ్ (IIIF) పద్ధతి వాడండి. గ్రంథాలయాలు కలిసి 2011లో మొదలుపెట్టిన ఉమ్మడి ప్రమాణం అది. పేజీని చిన్న చిన్న పలకలుగా కోసి ఉంచుతారు. చదివేవాడు ఏ మూలని పెద్దది చేస్తే ఆ పలకలే దిగుతాయి. గ్రామంలో సిగ్నలు సరిగా లేని ఫోనులో 80 ఎంబీ పీడీఎఫ్ దిగే లోపు మనిషి వెళ్లిపోతాడు, పలకలు క్షణంలో వస్తాయి. పైగా పేజీలో ఏ ముక్క కావాలో వెబ్ చిరునామాలోనే రాసి ఉంటుంది కాబట్టి, 1974 వడ్డీ పట్టిక ఒక్కదానికే లింకు ఇవ్వొచ్చు. పలకల్ని లిబ్‌విప్స్ అనే సాఫ్ట్‌వేరుతో ముందే కోసి పెట్టుకుంటే ప్రత్యేకం సర్వరు కూడా అక్కర్లేదు, మామూలు ఫైళ్లు ఉంచే చోటు చాలు; కాకపోతే అప్పుడు ముందే కోసిన పలకల చిరునామాలే పనిచేస్తాయి. చూపించడానికి ఓపెన్‌సీడ్రాగన్ గానీ మిరడోర్ గానీ ఉచితంగా దొరుకుతాయి.

పేజీ తిరిగినట్టు బొమ్మలాట చూపించే సాఫ్ట్‌వేరు ఎవరైనా అమ్మజూపితే దండం పెట్టండి. ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేరుతో చేసిన అలాంటి పత్రికలన్నీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ఆగిపోగానే తెల్లమొహం వేశాయి. మీ బెంగళూరులోనే ఐఐఎస్సీ ముందుండి నడిపిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఎంత గొప్ప పనో. దాని వెనక కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డిగారి లాంటి మన తెలుగాయన ఉన్నారు. ఆ సైటు మూతపడ్డాక, ముందే నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినవాళ్ల పుణ్యాన ఆ తెలుగు పుస్తకాలు మనకి మిగిలాయి. మీ సైటూ ఒకనాడు మూతపడుతుందనుకునే కట్టండి.

అక్షరాల గుర్తింపు దగ్గర అసలు తలనొప్పి. బొమ్మలోంచి అక్షరాలు చదివే ఉచిత సాఫ్ట్‌వేరు టెస్సరాక్ట్‌కి తెలుగు వచ్చు, గూగుల్ వాళ్లది పాత అచ్చు మీద ఇంకాస్త మెరుగు. కానీ సీసపు అక్షరాల అచ్చులో ద, ధ తేడా ఒక గీత. సిరా కాస్త ఎక్కువైతే అది పూడిపోతుంది. వరస చివర మాటని గీత లేకుండానే విరిచేవాళ్లు, 'వడ్డీరే' ఒక వరసలో 'టు' ఇంకో వరసలో ఉంటే వెతుకులాటకి చిక్కదు. ఇక ఒకే మాట బ్యాంకు, బాంకు, బేంకు, బ్యాంక్ అని నాలుగు రకాలు. దానికి తోడు మన విభక్తులు: బ్యాంకులన్నీ, బ్యాంకులకంటే, బ్యాంకుల్లోంచి. ఈ రూపాలన్నిటినీ ఒకే మూలానికి కట్టే చిన్న జాబితా మీరే రాసుకోవాలి. నాకు రెండు వందల మాటల జాబితాతో సగం కష్టం తీరింది. ప్రతి మాటా పేజీలో ఎక్కడుందో ఆల్టో (మాటల చోట్లు రాసుకునే ప్రామాణిక పద్ధతి) ఫైల్లో దాచండి, అప్పుడు వెతికిన మాట బొమ్మ మీదే రంగులో కనిపిస్తుంది.

అంకెల్ని మాత్రం యంత్రానికి వదలకండి. నేను మొదటి ఏడు చేసిన ఒక సంచికలో డిపాజిట్ వడ్డీ 512 శాతం అని వచ్చింది. అచ్చులో ఉన్నది 5½. అది నవ్వుకుని దిద్దుకునే తప్పు. 3 ఉండాల్సిన చోట 8 పడితే ఎవరికీ అనుమానం రాదు, ఎవరో విద్యార్థి దాన్నే థీసిస్‌లో రాసుకుంటాడు. పట్టికలున్న పేజీలన్నీ వేరు చేసి, ఇద్దరు మనుషులు విడివిడిగా టైపు చేసి, తేడా వచ్చిన చోట బొమ్మ చూడండి.

కాపీరైట్ మరవకండి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి, కాబట్టి మీ సంపుటాల్లో చాలా వ్యాసాలు ఇంకా ఎవరివో. పత్రిక యజమానుల వారసుల్ని వెతికి రాతపూర్వకంగా అనుమతి అడగండి. రాయించిన ఒప్పందంలో ఏముందో చూడకుండా వ్యాసాల హక్కు పత్రికదే అనుకోకండి. ఈలోగా విషయసూచిక పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

మొత్తం ఒక్కసారి నెత్తికెత్తుకోవద్దు. 1969 ఆగస్టు సంచిక ఒకటి, 1992 జనవరి సంచిక ఒకటి తీసి మొదలుపెట్టండి. రెండిట్లోనూ వెనకవైపు వడ్డీ పట్టిక ఉందేమో చూడండి. మీ తాతగారి తరం బ్యాంకువాళ్లకి మార్జిన్లో పెన్సిలుతో లెక్కలు వేసే అలవాటు ఉండేది, అవి కనిపిస్తే రబ్బరుతో తుడవకుండా అలాగే స్కాన్ చెయ్యండి. యంత్రం వాటిని చదవలేదు. వాటిని నేను చదివి పెడతాను.